వంద మీటర్లు: అంగ ఎక్కడ పడాలి?

వ్యాఖ్యాత: పరుగు కోచ్ గారు స్టూడియోలో ఉన్నారు. హలో, ఎక్కణ్ణుంచండీ?

కాలర్: గార నుంచండి. కానిస్టేబుల్ ఈవెంట్లకి తయారవుతున్నాను మేస్టారూ. వంద మీటర్లు 15 సెకన్లలో అవ్వాలి కదండీ, నాకు 16 దాటిపోతంది. పరుగుల వీరుడు ఉసేన్ బోల్ట్ వంద మీటర్లు 41 అంగల్లో కొట్టేశాడని విని కాలు బాగా ముందుకి సాపుతున్నాను. తొడ ఎనక పట్టేస్తంది.

కోచ్: చిక్కంతా ఆ సాచడంలోనే ఉంది బాబూ. బోల్ట్ ఆరడుగుల ఐదంగుళాల మనిషి. పైగా అంత అంగ నేలని బలంగా తన్నితే వచ్చింది. మడమ నడుం కంటే బాగా ముందు పడితే ప్రతి అడుగూ బ్రేకే. తొడ వెనక కండరం సాగి ఉన్నప్పుడే దానిమీద భారం పడుతుంది. పాదం ముందుభాగం నడుం కిందకి దగ్గరగా పడాలి. పక్కనుంచి ఫోన్‌లో స్లో మోషన్ తీయించు. పాదం నేల తాకిన చోట వీడియో ఆపి చూడు. మోకాలి కంటే పాదం ముందుందా, సాచుతున్నట్టే.

కాలర్: మరి ప్రాక్టీసు ఏటి సెయ్యమంటారు? రోజూ కళింగపట్నం బీచ్‌లో ఆరు వందమీటర్లు కొడతన్నాను.

కోచ్: అది ఆపు. మెత్తటి ఇసకలో పాదం దిగబడి నేల మీదే ఎక్కువసేపు ఉండిపోతుంది. కాళ్లకి బలం వస్తుంది గానీ వేగం అలవాటవదు. నీళ్ల అంచున గట్టిగా ఉన్నా వాలు కదా, భారం ఒక కాలి మీదకే పోతుంది. ముందు తొడ నొప్పి పూర్తిగా తగ్గాలి; వాపో, కమిలిన మచ్చో కనిపిస్తే డాక్టరుకి చూపించు. తర్వాత గట్టి మట్టి గ్రౌండ్‌లో, రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు చాలు. పావుగంట వార్మప్: జాగింగ్, కాళ్లు ఊపడం, మోకాళ్లెత్తి పరుగు. ఆపైన 30 మీటర్లు ఐదుసార్లు, పూర్తి వేగంతో. ఒక్కోదానికీ మధ్య మూడు నిమిషాలు నడక. ఊపిరి అందగానే మళ్లీ పరిగెత్తావంటే అది ఓపిక పెంచుతుంది, వేగం కాదు. ఆఖర్న 20 మీటర్లు ఊపందుకుని, తర్వాతి 20 ఫుల్లుగా, మూడుసార్లు. వేగం తగ్గి టైం పెరిగిపోతే ఆ రోజుకి చాలించు.

వ్యాఖ్యాత: బొబ్బిలి నుంచి ఇంకో కాల్.

కాలర్: మా పాప స్కూల్ పోటీల్లో విజిల్ పడగానే వెనకబడిపోతోందండి.

కోచ్: లేవగానే నిటారుగా అయిపోతోందేమో చూడండమ్మా. ఎడమ కాలు ముందుంటే కుడి చెయ్యి ముందుండాలి, బరువు ముందుకాలి మీద. మొదటి పది అడుగులు తలెత్తకుండా నేలనే చూడమనండి. మోచెయ్యి వెనక్కి గట్టిగా కొట్టాలి, చేతులు ఛాతీకి అడ్డంగా ఊగకూడదు. పిడికిలి బిగిస్తే భుజాలూ బిగుస్తాయి. వేళ్లు వదులుగా ఉంచమనండి. పది మీటర్ల స్టార్టులు రోజుకి ఆరు చేయిస్తే చాలు.