వెయ్యి గజాల రైఫిల్ ఎలా ఎంచుకోవాలి? ఆర్కే బీచ్‌లో మావయ్యతో కబుర్లు

నమస్తే అండీ! ఇప్పుడు వైజాగ్‌లో ఉన్నాను. వెనకాల కనిపిస్తున్నది ఐఎన్ఎస్ కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం. పక్కన మా మావయ్య. షిప్‌యార్డ్‌లో టర్నర్‌గా, అంటే లేత్ మీద లోహం చెక్కే పని చేసి రిటైరయ్యారు. టెక్సాస్‌లో నేను దూరపు టార్గెట్ షూటింగ్ చేస్తానని చెప్పినప్పటి నుంచి, రైఫిల్ ఎలా ఎంచుకోవాలని మీలో చాలామంది అడుగుతున్నారు. మావయ్య కూడా అదే అడిగారు. అందుకే ఈ వీడియో.

ముందు చట్టం సంగతి. ఇది మన కుర్రాళ్లలో చాలామందికి తెలియదు. అమెరికాలో హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. షూటింగ్ రేంజ్‌లో, అంటే కాల్చే మైదానంలో, తుపాకీ అద్దెకు తీసుకున్నా ఇదే లెక్క. ఫ్రెండ్ రమ్మన్నాడని వెళ్లి సరదాగా కాల్చొద్దు, ఇమ్మిగ్రేషన్‌కే ముప్పు. నేను గ్రీన్ కార్డు వచ్చాకే కొన్నాను.

ఇక రైఫిల్. షాపుకి వెళ్లే ముందే, మీకు దగ్గర్లో ఉన్న రేంజ్ ఎంత పొడవుందో చూసుకోండి. 300 గజాల రేంజే ఉంటే వెయ్యి గజాల రైఫిల్‌కి డబ్బు పోయడం దండగ. నాకు వెయ్యి గజాలు దొరికాయి కాబట్టి 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా కాల్చే రైఫిల్ తీసుకున్నాను. హార్నడీ కంపెనీ 2007లో టార్గెట్ షూటర్ల కోసమే తయారు చేసిన తూటా ఇది. అంతకుముందు అందరూ వాడింది 1952 నాటి 308 విన్‌చెస్టర్. అది మంచిదే, కానీ గాలికి ఎక్కువ పక్కకి పోతుంది. గంటకి 10 మైళ్ల అడ్డగాలి వీస్తే, వెయ్యి గజాల దగ్గర 308 ఏడెనిమిది అడుగులు జరుగుతుంది. 6.5 అయితే సుమారు అయిదున్నర అడుగులు.

"బ్యారెల్ లోపల గాడి ఎలా తీస్తార్రా?" మావయ్య మొదటి ప్రశ్న ఇదీ. పనివాడి ప్రశ్న! మూడు పద్ధతులున్నాయి. ఒకటి, చిన్న కట్టర్‌తో కొంచెం కొంచెంగా కోయడం. రెండు, బటన్ అనే గట్టి కార్బైడ్ ముక్కని రంధ్రంలోంచి లాగి గాళ్లు ఒత్తడం. మూడు, లోపల మాండ్రెల్, అంటే గాడి అచ్చున్న కడ్డీ, పెట్టి బయట నుంచి సుత్తులతో కొట్టి ఆకారం తేవడం. నా రైఫిల్ ఫిన్లాండ్ కంపెనీ టిక్కాది, మూడో రకం. గాడి ఎనిమిది అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుంది. పొడవాటి సన్నని తూటా తడబడకుండా పోవాలంటే ఆ మాత్రం తిప్పు ఉండాలి.

"మరి బ్యారెల్ నువ్వే ఎక్కించేసుకోలేకపోయావా?" అన్నారు. లేదు మావయ్యా. తూటా కూర్చునే చోట కొలత, అంటే హెడ్‌స్పేస్, గేజ్‌లతో చూసుకోవాలి. అది గన్‌స్మిత్, అంటే తుపాకుల మెకానిక్, పని. నేను ఫ్యాక్టరీలో బిగించిన బ్యారెల్, యాక్షన్ (తూటా ఎక్కించి పేల్చే భాగం) అలాగే ఉంచి, చెక్క స్టాక్ (పిడి) బదులు అల్యూమినియం ఛాసిస్ (చట్రం)లో కూర్చోబెట్టాను. స్క్రూలు మాత్రం ఎంత బిగువో చూపించే టార్క్ రెంచ్‌తో, ఛాసిస్ కంపెనీ చెప్పిన లెక్కకే బిగించాలి. ఆ మాటకి మావయ్య మొహం వెలిగిపోయింది. బ్యారెల్ ముందు భాగం దేనికీ తగలకూడదని చెప్తే, "వేడెక్కితే సాగుతుంది కదా, తగిలితే పక్కకి తోసేస్తుంది" అని ఆయనే కారణం చెప్పేశారు.

నా అభిప్రాయంలో అసలు ఖర్చు పెట్టాల్సింది ఒంటికి అమరడం మీద, స్కోప్ (గురి చూసే దుర్బిణి) మీద. చెంప ఆనించగానే కన్ను స్కోప్ మధ్యకి వచ్చేయాలి. మెడ చాచి వెతుక్కునే పరిస్థితి ఉంటే, అది ఎంత ఖరీదైన రైఫిల్ అయినా మీది కాదు. అందుకే చెంప కింద పలక ఎత్తు, భుజం దగ్గర పొడవు మార్చుకునే ఛాసిస్ తీసుకున్నాను. స్కోప్‌లో మిల్ గీతలుంటే లెక్క తేలిక: ఒక మిల్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, వెయ్యి మీటర్ల దగ్గర ఒక మీటరు.

తూటా ఎంత కిందకి దిగుతుందన్నది లెక్క. ఫోన్‌లో యాప్ చెప్పేస్తుంది. గాలి మాత్రం కళ్లతో నేర్చుకోవాలి. ఇటు చూడండి, సాయంత్రం సముద్రపు గాలి ఊరి వైపు కొడుతోంది. ఈ మొక్కజొన్న పొత్తుల బండి పొగ దాదాపు నేలకి అంటుకుని పోతోంది. రోడ్డవతల గోడ చాటున ఆ జెండా కదలనే లేదు. పట్టుమని యాభై గజాల్లో రెండు రకాల గాలి! వెయ్యి గజాల్లో తూటా ఒకటిన్నర సెకన్లకి పైగా ఇలాంటి గాలుల్లోంచి వెళ్తుంది. బీచ్‌కి వచ్చినప్పుడల్లా పొగ, జెండాలు, సరుగుడు కొమ్మలు గమనించడం నాకు అలవాటైపోయింది.

మావయ్య మనవడు నేర్చుకుంటానంటున్నాడు. ఇక్కడ రైఫిల్‌కి ఆయుధాల చట్టం, 1959 కింద లైసెన్స్ కావాలి, దానికి చాలా తతంగం ఉంది. కానీ 177, అంటే 0.177 అంగుళాల (4.5 మి.మీ.) ఎయిర్ రైఫిల్‌కి, శక్తి 20 జౌల్స్ దాటకపోతే, లైసెన్స్ అక్కర్లేదు. దాంతో పది మీటర్లు చాలు. ఆ టార్గెట్‌లో నడిమి చుక్క అర మిల్లీమీటరే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ ఆటలోనే. గురువు ఉన్న క్లబ్‌లో చేరి, మొదట ఊపిరి, ట్రిగ్గర్ మీద వేలు, నిలబడే తీరు నేర్చుకోమన్నాను. రేపు వాణ్ణి తీసుకుని ఒక క్లబ్ చూడ్డానికి వెళ్తున్నాం. కెమెరాకి ఒప్పుకుంటే అది కూడా చూపిస్తాను.