కరెంటు చచ్చిపోయిన సీరియల్

అందరికీ నమస్కారం. ఉద్యోగమంతా సబ్‌స్టేషన్లలో గడిపినవాణ్ణి పట్టుకొచ్చి, కొత్త సైన్స్ ఫిక్షన్ సీరియల్ మీద మాట్లాడమన్నారు. విశాఖలో సినిమావాళ్లెవరూ దొరకలేదు కాబోలు. సీరియల్ పేరు చెప్పను, ఊరికే ప్రచారం చేసిపెట్టడం నాకెందుకు?

కథ ఇదీ. ఒక రాత్రి ప్రపంచమంతటా కరెంటు పోతుంది. మనకు అలవాటైన పోవడం కాదు, మళ్లీ రావడమన్నదే లేని పోవడం. టార్చిలైటు వెలగదు. కార్లు నడిరోడ్డు మీద నిలబడిపోతాయి. విమానాలు రాలిపోతాయి. పదిహేనేళ్లు గడిచేసరికి జనం గుర్రాలెక్కి, విల్లంబులు పట్టుకుని ఒకళ్లనొకళ్లు తరుముకుంటూ ఉంటారు. అమెరికాలో 2012లో ఇలాంటి ఊహతోనే ఒక సీరియల్ వచ్చి రెండు సీజన్లకే ఆగిపోయింది. అయినా మళ్లీ అదే సరుకు!

కథలో ఒక అబద్ధం ఆడుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. ఆడాక దానికి లెక్క చెప్పాలిగా? టార్చిలో బ్యాటరీ పనిచెయ్యలేదంటే అందులో రసాయన చర్య ఆగిపోయినట్టే. మరి హీరోగారి గుండె దేంతో కొట్టుకుంటోంది? ఈసీజీ కాగితం మీద గీతలు పడేది ఆ గుండెలో పుట్టే కరెంటువల్లే. నరాల కణానికి లోపలికీ బయటికీ సుమారు 70 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. అది లేకపోతే విల్లు ఎత్తడం మాట దేవుడెరుగు, కనురెప్ప కూడా కదలదు. 1780లలో ఇటలీలో గాల్వానీ అనే శాస్త్రవేత్త చచ్చిన కప్ప కాలు ఎగిరిపడేలా చేసింది ఈ గుట్టుతోనే. ఈ సీరియల్లో కప్పలు శుభ్రంగా గెంతుతున్నాయి. మెరుపులూ మెరుస్తున్నాయి, హీరోయిన్ ఏడ్చినప్పుడల్లా!

సరే, అదీ వదిలేద్దాం. డీజిల్ ఇంజన్‌కి కరెంటు నిప్పురవ్వతో అంటించే స్పార్క్ ప్లగ్గే ఉండదే! గాలిని గట్టిగా నొక్కితే అదే కాగిపోయి, లోపలికి చిమ్మిన డీజిల్ అంటుకుంటుంది. పొలాల్లో పాత ఆయిలింజన్ చూసే ఉంటారు. పైన చిన్న లీవరు ఎత్తిపెట్టి, హ్యాండిలు తొడిగి గిరగిరా తిప్పి, చక్రం ఊపందుకోగానే లీవరు వదిలేస్తారు. నల్లగా ఒక పొగ ఊది, డుగ్‌డుగ్‌మని అందుకుంటుంది. బ్యాటరీ లేదు, వైరు ముక్క లేదు. అనకాపల్లి చెరుకు రైతునొకణ్ణి ఆ సీరియల్లోకి వదిలితే రెండో ఎపిసోడ్‌కే కథ కంచికి వెళ్లిపోతుంది. పదిహేనేళ్లలో ఒక్కడికీ హ్యాండిలు తిప్పాలని తోచలేదు. బొగ్గు వేసి ఆవిరింజన్ నడపాలనీ తోచలేదు. హీరో గడ్డం మాత్రం నిన్ననే ట్రిమ్మర్ పెట్టినంత నీటుగా ఉంది.

నిజంగా గ్రిడ్, అంటే ఊళ్లన్నిటినీ కలిపే కరెంటు లైన్ల వల, కూలితే ఎలా ఉంటుందో మన దేశం చూసింది. 2012 జూలై 30న ఉత్తరాది గ్రిడ్ పడిపోయింది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయాయి. 60 కోట్లకు పైగా జనం ఉండే ప్రాంతం అది. ఆ రోజు మనకేమీ కాలేదు. ఎందుకంటే అప్పటికి దక్షిణాది గ్రిడ్ వాళ్లతో ఒకే తాళం మీద నడిచేది కాదు. తూర్పు గ్రిడ్‌కీ మనకీ నడుమ మన గాజువాకలోనే హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డీసీ) స్టేషనుంది. అటు నుంచి వచ్చే ఏసీని, అంటే అటూ ఇటూ దిశ మారే కరెంటుని, ఒకే దిశలో పారే డీసీగా మార్చి, మళ్లీ ఏసీ చేసి ఇటు ఇస్తుంది. అందువల్ల అక్కడ ఫ్రీక్వెన్సీ, అంటే ఆ దిశ మారే వేగం, తూలితే ఆ తూలుడు ఇక్కడిదాకా రాదు. ఆ తర్వాత 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో మనమూ ఆ తాళంలో కలిశాం. మనసుంటే ఇందులో నాలుగు సీజన్లకు సరిపడా ఉత్కంఠ ఉంది. ఆ రచయిత కంటికి గుర్రాలే ఆనాయి.

ఇక హుద్‌హుద్. 2014 అక్టోబరు 12. ఈ హాల్లో సగంమంది సాక్షులే గనక తుఫాను గురించి నేను చెప్పక్కర్లేదు. కరెంటు లేని ఆ రోజుల్లో మన ఊళ్లోనూ కత్తులు తీశారు, రోడ్డుకడ్డంగా పడ్డ చెట్లు కొట్టడానికి! మోటార్లు లేక పై అంతస్తులకు బకెట్లతో నీళ్లు మోశారు. కారు ఇంజన్ ఆన్ చేసి వీధి వీధంతా ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నారు. పాల ప్యాకెట్ దగ్గర తిట్టుకున్నారు కూడా, లేదనను.

మా లైన్‌మన్లకు మాత్రం అసలు భయం వేరే. ఏ అపార్ట్‌మెంటులోనో జనరేటర్ వేసి, ఇంటిని బయటి లైను నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్ సరిగ్గా వెయ్యరు. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనకనుంచి ఎక్కి, 11 వేల వోల్టులై లైన్లోకి వచ్చి కూర్చుంటుంది. ఊరంతా చీకటి. సబ్‌స్టేషన్లో బ్రేకర్ తీసే ఉంది. కింద నిలబడ్డవాడికి ఆ తీగ చచ్చిన తీగే. అందుకే లైన్‌మన్ ముందు టెస్టర్ పెట్టి చూస్తాడు, తర్వాత తీగని భూమికి కలిపే ఎర్త్ రాడ్ తగిలిస్తాడు, ఆ తర్వాతే చెయ్యి వేస్తాడు. కరెంటు లేదనుకున్న చోట కరెంటు ఉండటం! భయపెట్టడానికి ఇది చాలదా, ప్రపంచంలోని టార్చిలైట్లన్నీ ఆర్పాలా?

రెండో సీజన్‌లో కరెంటు ఎందుకు పోయిందో చెప్తారట. చూస్తాను, తప్పుతుందా! ప్రశ్నలుంటే అడగండి.