సంస్కృతం కూడు పెడుతుందా? పసుపు కేసు చూడండి

"యోగాకి డబ్బుంది, ఆయుర్వేదానికి డబ్బుంది. సంస్కృతం ఎవరికి కూడు పెడుతుంది?" 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా యోగా చాపలు పరిచిన దగ్గర్నుంచి మన వైజాగ్‌లో ఈ మాట మరీ ఎక్కువ వింటున్నాను. విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

మధురవాడలో ప్లాటు కొనేముందు ఏం చేస్తారు? ఈసీ తీయిస్తారు, అంటే ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా. తాతగారి దస్తావేజు పెట్టెలో భద్రంగా ఉన్నా, అది రిజిస్ట్రారు ఆఫీసు లెక్కల్లోకి ఎక్కకపోతే ఈసీలో కనపడదు. ఇంకొకడు వచ్చి దర్జాగా రిజిస్టర్ చేయించుకుంటాడు.

1995 మార్చిలో పసుపు విషయంలో జరిగింది ఇదే. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతి మీద అమెరికాలో పేటెంట్, అంటే కొత్తగా కనిపెట్టినవాళ్లకిచ్చే ప్రత్యేక హక్కు, ఇచ్చేశారు. దెబ్బ తగిలితే అమ్మ అద్దే పసుపండీ! "మేం తరతరాలుగా వాడుతున్నాం" అంటే సరిపోదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం బయటి దేశాల్లో వాడుక ఉంటే చాలదు, అచ్చులో ఉండాలి. ఎన్నేళ్లుగా కాపురం ఉన్నా సరే, కాగితం చూపించమన్నట్టు. నా దృష్టిలో ఇది అన్యాయమే. కానీ కాగితం మన దగ్గరుంది. మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ 32 ఆధారాలు పెట్టింది. వాటిలో 1953 నాటి వైద్య పత్రిక వ్యాసంతో పాటు పాత సంస్కృత గ్రంథాలూ ఉన్నాయి. 1997లో పేటెంట్ రద్దయింది.

ఇలా ప్రతిదానికీ కేసు వేస్తూ కూర్చోలేం కదా. అందుకే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలైంది. శ్లోకం విప్పాలి, అందులోని మొక్క ఏదో తేల్చాలి, ఏ రోగానికి ఎలా వాడాలో ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లో పేటెంట్ పరిశీలకుడికి అర్థమయ్యేలా పెట్టాలి. అంటే పెట్టెలోని దస్తావేజు ఈసీలోకి ఎక్కింది. సంస్కృతం వచ్చినవాళ్లు లేకపోతే ఈ పని మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

టైమ్ అయిపోతోంది, రెండు ముక్కలు గబగబా చెప్పేస్తాను. దస్తావేజు కబ్జాని ఆపుతుంది గానీ పంట ధర పెంచదు. పాడేరు రైతుకి పసుపు దుంప ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టడంలోనే నాలుగు రూపాయలు. ఇక మన ఏజెన్సీలో చెట్టుమందు ఇచ్చే పెద్దల విద్య నోటి మాటగానే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం అలాంటివాళ్లకి లాభంలో వాటా ఇమ్మంటుంది. 2023 సవరణ మాత్రం గ్రంథాలకెక్కిన విద్య వాడేవాళ్లని ఆ వాటా నుంచి మినహాయించింది. కాబట్టి ఆ పెద్దల మందుల్ని ఎవరైనా రాసుకోవడానికి వస్తే, వాటా సంగతి ముందే తేల్చుకోవాలి.