వైకుంఠం బొమ్మలు: బొగ్గు గీత నుంచి ఎర్రచీర దాకా ప్రింటు తీయడం

అందరికీ నమస్కారం.

తోట వైకుంఠం పేరు వినగానే ఎర్రచీర, రూపాయి బిళ్లంత బొట్టు, ఒంటి నిండా నగలతో తెలంగాణ ఆడమనిషి గుర్తొస్తుంది. కానీ 1942లో నాటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, హైదరాబాద్‌లోనూ, ఆపైన బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గరా చదువుకున్న ఈ చిత్రకారుడు తొలినాళ్లలో ఎక్కువగా నమ్ముకున్నది బొగ్గునీ పెన్సిలునీ. నిండు రంగులు తర్వాత వచ్చాయి. రెండు దశలకీ ఒకే రకం ప్రింటు పనికిరాదు.

బొగ్గు బొమ్మ సంగతి త్వరగా తేలుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) కాటన్ కాగితం, మెరుపు లేని కాగితాలకు వాడే మ్యాట్ బ్లాక్ ఇంకు వాడాలి. మెరుపు కాగితాలకు వాడే ఫోటో బ్లాక్ వేస్తే నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. పాత కాగితాన్ని తెల్లగా చేద్దామని ఫోటో సాఫ్ట్‌వేరులో లెవెల్స్ (వెలుగునీడల హద్దులు) లాగితే లేత మసకంతా ఎగిరిపోతుంది.

అసలు చిక్కు ఎరుపుతోనే. ముందు బొమ్మను ఫోటో తీయాలి. 24×18 అంగుళాల బొమ్మకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 7200×5400 పిక్సెల్స్ కావాలి. రెండు లైట్లు చెరో పక్క 45 డిగ్రీల్లో పెట్టాలి. అక్రిలిక్ మెరుపు పోవడానికి లైట్లకీ లెన్సుకీ పోలరైజర్ (మెరుపును ఆపే ఫిల్టర్) తగిలించాలి. మొత్తం హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడల గ్రాఫు) బాగానే కనిపిస్తుంది, అదే మోసం. ఎరుపు ఛానల్ ఒక్కటే విడిగా చూడండి. అది గరిష్ఠమైన 255కి తగిలిందంటే చీర మడతలు పోయినట్టే, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. ఫైలు 16 బిట్‌లో (ఛాయల మెట్లు ఎక్కువుండే రూపంలో), అడోబ్ ఆర్‌జీబీ అనే విశాలమైన రంగుల పరిధిలోనో అంతకన్నా విశాలమైన దాంట్లోనో ఉంచండి. మామూలు తెరలు వాడే ఇరుకు పరిధి ఎస్‌ఆర్‌జీబీలోకి కుదిస్తే ముదురు నారింజలు అక్కడే చచ్చిపోతాయి.

ఇక ప్రింటు. పుస్తకాలు అచ్చేసే నాలుగు రంగుల ఆఫ్‌సెట్‌లో ఎరుపంటే పసుపు మీద మెజెంటా, అంతే. ఆ మంట దానికి అందదు. ఆరెంజ్ ఇంకున్న పిగ్మెంట్ ఇంక్‌జెట్ దగ్గరికి వెళ్తుంది. అక్కడా రంగులను ప్రింటర్ పరిధికి మార్చే పద్ధతుల్లో రిలేటివ్ కలరిమెట్రిక్ ఎంచుకుంటే ప్రింటర్‌కి అందని ఎరుపులన్నీ దాని పరిధి చివరకి చేరి, చీరా దాని అంచూ కలిసిపోతాయి. పర్సెప్చువల్ అనే రెండో పద్ధతిలో మొత్తం కాస్త మందగించినా తేడా మిగులుతుంది. ఈయన బొమ్మకు ఆ తేడాయే ప్రాణం కాబట్టి నేను రెండోదానికే ఓటేస్తాను. ముందు చిన్న పట్టీ తీసి, ఒకరోజు ఆరనిచ్చి, 5000 కెల్విన్ వెలుతురులో (పగటి వెలుగుకు దగ్గరి తెల్లని కాంతిలో) అసలు బొమ్మ పక్కన పెట్టి చూడండి. ట్యూబులైటు కింద మాత్రం తీర్పు చెప్పకండి.

నిజానికి ఈ రంగుల బొమ్మలకు సెరిగ్రాఫే, అంటే స్క్రీన్ ప్రింటే సరైన జోడీ. రంగులు పెద్దపెద్ద మచ్చలుగా ఉంటాయి. ప్రతి రంగుకూ ఒక స్క్రీన్ (ఇంకు దిగే సన్నని జల్లెడ బట్ట), ఇంకును అసలు బొమ్మకి సరిపోయేలా చేత్తో కలుపుకోవచ్చు. లేత రంగులు ముందు, నల్లగీత చివర. వానాకాలంలో కాగితం తేమ పీల్చి సాగితే రిజిస్ట్రేషన్ (రంగు మీద రంగు సరిగ్గా కూర్చోవడం) తప్పి, బొట్టు చుట్టూ తెల్లగీత బయటపడుతుంది. అందుకే కాగితాన్ని ప్రింటు గదిలోనే ముందురోజు పరిచి ఉంచాలి.

కొనేవాళ్లకు ఒక్కమాట. కింద పెన్సిలుతో 12/75 (75 కాపీల్లో 12వది) అని ఉన్నంత మాత్రాన అది సెరిగ్రాఫ్ కాదు, ఇంక్‌జెట్ ప్రింటుకీ అంకె వేస్తారు. భూతద్దం పట్టుకుని చూడండి: సన్నని చుక్కలు కనిపిస్తే ఇంక్‌జెట్, రంగు పొరలా పరుచుకుని ఉంటే స్క్రీన్.