జేబులో పేపర్ ముక్క

తమ్ముడు: నమస్కారం అండీ. అరసవిల్లి రోడ్డులో మా మేడమీద గది నుంచి మళ్లీ మేమే. పోయిన వారం రాలేకపోయాం, అక్క లాయరు కదా, కోర్టులో సాక్షుల విచారణ ఉంది. ప్రతి వారం మా ఎపిసోడ్ వినే గొడుగు మాస్టారు ఫోన్ చేసి మరీ కోప్పడ్డారు.

అక్క: మాస్టారూ, ఈసారి మీ గొడుగు జోలికి రాము. ఒట్టు.

తమ్ముడు: ఈ వారం సంగతి నష్టపరిహారాలు. కోర్టులు ఒక్కోసారి వేసే పెద్ద పెద్ద మొత్తాలు సబబేనా అని. అమెరికా కాఫీ కేసుతో మొదలెడదాం. ఒక ముసలావిడ కాఫీ ఒలకబోసుకుని కోట్లు తెచ్చుకుందని అందరం విన్నదే కదా.

అక్క: విన్నదే. నా బాధంతా ఆ విన్నదాని మీదే. గబగబా చెప్పేస్తాను. 1992 ఫిబ్రవరి, న్యూమెక్సికో రాష్ట్రంలో ఆల్బుకర్కీ ఊరు. స్టెల్లా లీబెక్, 79 ఏళ్లు. కారు నడుపుతూ తాగిందని చాలామంది చెప్పుకున్నారు. ఆమె నడపలేదు. పక్క సీట్లో ఉంది. మనవడు కారు ఆపాడు, పాలూ పంచదారా కలుపుకుందామని కప్పు మోకాళ్ల మధ్య పెట్టుకుని మూత లాగింది. మెక్‌డొనాల్డ్స్ వాళ్లు అప్పట్లో కాఫీని 82 నుంచి 88 డిగ్రీల వేడిలో ఉంచేవారు. బట్టకి అంటుకుని తొడల మీద చర్మం లోపలిదాకా కాలిపోయింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది, వేరే చోటి చర్మం తీసి అతికించారు. అంతకుముందు పదేళ్లలో ఇలాగే కాలిందని ఆ కంపెనీకి 700కు పైగా ఫిర్యాదులు వచ్చాయి. ఆమె మొదట అడిగింది 20 వేల డాలర్లు. వాళ్లు ఇస్తామన్నది 800.

తమ్ముడు: ఎనిమిది వందలా!

అక్క: ఎనిమిది వందలే. 1994లో జ్యూరీ, అంటే కేసు విని తేల్చే మామూలు పౌరులు, నష్టం 2 లక్షల డాలర్లని లెక్కకట్టి, అందులో 20 శాతం తప్పు ఆమెదేనని తగ్గించి లక్షా 60 వేలు చేసింది. పైన కంపెనీకి శిక్షగా 27 లక్షల డాలర్లు వేసింది. ఆ కంపెనీ కాఫీ మీద రెండు రోజుల్లో చేసే అమ్మకం దాదాపు అంత. పేపర్లన్నీ పట్టుకున్నది ఆ అంకెనే. తర్వాత జడ్జి దాన్ని 4 లక్షల 80 వేలకి తగ్గించాడు. మొత్తం కలిపి 6 లక్షల 40 వేలు. ఆపైన ఇద్దరూ రాజీ పడ్డారు, ఎంతకో బయటపెట్టలేదు. తగ్గించిన సంగతి మనలో ఎంతమందికి తెలుసు? అంకె పెద్ద అక్షరాల్లో వస్తుంది, తగ్గింపు ఏ మూలో వస్తుంది. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, తప్పు ఏ పేజీలో పడిందో సవరణ కూడా...

తమ్ముడు: ...అదే పేజీలో, అదే సైజులో పడాలి. వచ్చేసింది. ఇంకా ఐదు నిమిషాలు కూడా కాలేదు.

అక్క: రానీ. ప్రతి ఎపిసోడ్‌లోనూ వస్తుంది.

తమ్ముడు: సరే, కాఫీ కేసులో నువ్వు చెప్పింది ఒప్పుకుంటాను. అది ఎక్కువేం కాదు. మరి మన దేశంలో వంద కోట్లు వేశారే, దాన్నేమంటావు?

అక్క: జస్టిస్ సావంత్ గారి కేసా?

తమ్ముడు: అదే. 2008 సెప్టెంబర్ 10. గజియాబాద్ కోర్టులో ప్రావిడెంట్ ఫండ్ కుంభకోణం వార్త వేస్తూ టైమ్స్ నౌ ఛానెల్ వేరే జడ్జి ఫొటో బదులు సుప్రీంకోర్టు మాజీ జడ్జి పి.బి. సావంత్ గారి ఫొటో చూపించింది. ఇద్దరి ఇంటిపేర్లూ వినడానికి కొంచెం దగ్గరగా ఉంటాయి. ఆ రెండో ఆయన పేరు నేను చెప్పను, మనకి అక్కర్లేదు. ఫొటో తెర మీద ఉన్నది 15 సెకన్లు. 2011 ఏప్రిల్‌లో పుణె కోర్టు వంద కోట్లు కట్టమంది. లెక్క వేస్తే సెకనుకి ఆరున్నర కోట్లు దాటుతుంది. ఛానెల్ అప్పీలుకి వెళ్తే బొంబాయి హైకోర్టు ముందు 20 కోట్లు డిపాజిట్ చేయండి, 80 కోట్లకి బ్యాంకు గ్యారంటీ ఇవ్వండి అంది. సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు. ఎనిమిదేళ్లు పేపర్‌కి కంట్రిబ్యూటర్ విలేకరిగా పనిచేసినవాడిగా చెప్తున్నాను అక్కా, ఆ తీర్పు చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. అలాంటి తీర్పు మన జిల్లాలో ఒక చిన్న పేపర్ మీద పడితే మర్నాటి నుంచి ఆ పేపర్ ఉండదు.

అక్క: నాకూ వంద కోట్లు ఎక్కువే అనిపించింది. కానీ ఆయన ఎవరో కూడా గుర్తు పెట్టుకో. ప్రెస్ కౌన్సిల్‌కి చైర్మన్‌గా చేసినాయన. పత్రికల మీద వచ్చిన ఫిర్యాదులు వినే కుర్చీలో కూర్చున్న మనిషి. ఆ కౌన్సిల్ మందలించగలదు, తప్పుపట్టగలదు, పైసా జరిమానా వేయలేదు. ఆ సంగతి ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు? అందుకే సివిల్ కోర్టుకి వెళ్లాడేమోనని నా ఊహ.

తమ్ముడు: అది పొరపాటు అక్కా. కావాలని చేసింది కాదు. తెలిశాక తీసేశారు, తర్వాత క్షమాపణ స్క్రోలింగ్ కూడా వేశారు.

అక్క: స్క్రోలింగ్! ఫొటో తెర నిండా, క్షమాపణ తెర అడుగున.

తమ్ముడు: మళ్లీ అక్కడికే వచ్చావు.

అక్క: ఎందుకు రాను? నువ్వు పెదనాన్నని మర్చిపోయావా?

తమ్ముడు: ...మర్చిపోలేదు. పెదనాన్న సంగతి ఇక్కడ వద్దనుకున్నాం కదా.

అక్క: పోయిన నెల పెదనాన్నే అన్నాడు, చెప్పుకోండి, నాకిప్పుడు ఏం సిగ్గు అని. చెప్తాను. వినేవాళ్లలో కొందరికి తెలుసు, నరసన్నపేట వైపు వాళ్లకి మరీను. మా పెదనాన్న రేషన్ డిపో నడిపేవాడు. ఒకరోజు పొద్దున్న పేపర్ జిల్లా పేజీలో ఆయన ఫొటో. కింద వార్త, డీలర్ గోదాంలో పీడీఎస్ బియ్యం పట్టుబడ్డాయి, నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసు కట్టారు అని. కేసు నిజమే, డీలర్ వేరే ఊరాయన. మండలాఫీసులో డీలర్ల మీటింగ్ అప్పుడు ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఆ పాత ఫొటోలోంచి కత్తిరించడంలో పక్క మనిషిని కత్తిరించారు. అంతే జరిగింది.

తమ్ముడు: డెస్క్‌లో అలాగే జరుగుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకి పేజీ వదలాలి, ఫొటో ఏదని అరుస్తుంటారు, పాత ఫైల్లో గ్రూప్ ఫొటో ఉంటుంది. ఎడమ నుంచి మూడో మనిషి అని ఫోన్లో చెప్తాం. అవతలివాడు కుడి నుంచి లెక్కపెడతాడు.

అక్క: ఎలా జరిగిందో నాకు తెలుసురా. పెదనాన్నకీ తెలుసు. ఆయన ఎవర్నీ తిట్టలేదు. పేపర్ ఆఫీసుకి మూడుసార్లు తిరిగాడు. నాలుగో రోజు సవరణ వేశారు. టెండర్ ప్రకటనల పక్కన రెండు లైన్లు. పొరపాటున వేరొకరి ఫొటో ప్రచురితమైంది, చింతిస్తున్నాం అని. ఎవరి ఫొటో? పేరు లేదు. ఫొటో లేదు. ఆ రెండు లైన్లు చదివి ఇది ఫలానా ఆయన గురించేనని ఎవరికైనా తెలుస్తుందా?

తమ్ముడు: పేరు వేస్తే మళ్లీ ఆ కేసు పక్కన ఆ పేరు పడుతుంది కదా అని వేయరు. మాకలాగే చెప్పేవారు.

అక్క: అది పెదనాన్నని అడగాలి కదా, వేయమంటారా వద్దా అని! ఆయన ఆ ముక్క కత్తిరించి, మా కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించుకున్నాడు. చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు. పెళ్లికి వెళ్లినా, ఏడు రోడ్ల జంక్షన్లో బస్సు కోసం నిలబడ్డా, ఎవరైనా కాస్త తేడాగా చూస్తే తీసి చూపించేవాడు. ఒకసారి రథసప్తమికి అరసవిల్లి క్యూలో మాతో ఉన్నాడు. ముందున్నాయన వెనక్కి తిరిగి, మిమ్మల్ని ఎక్కడో చూశానండీ అన్నాడు. మామూలుగానే అన్నాడు పాపం. పెదనాన్న చెయ్యి జేబులోకి పోయింది. చెయ్యి వణుకుతోంది. ఆ చెయ్యి ఖరీదు ఎంతో నువ్వు చెప్పు. వంద కోట్లు కాదు, ఒప్పుకున్నాను. ఎంత?

తమ్ముడు: ...

అక్క: నేను చెప్పలేను. అప్పుడు నేను జూనియర్‌ని. దావా వేద్దాం పెదనాన్నా అన్నాను. ఎంతకి అన్నాడు. పది లక్షలకి అన్నాను. ఎంత అడిగితే దానికి తగ్గ కోర్టు ఫీజు ముందే కట్టాలి కదా. ఆ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే మడిచి నాకే ఇచ్చేశాడు. ఏడాదిలోగా వేయాలి, ఏడాది దాటితే పరువునష్టం దావాకి గడువు లేదు. ఆ ఏడాది ఆయన ఆలోచనలోనే గడిచిపోయింది. క్రిమినల్ కేసు అంటే, అప్పుడు పాత శిక్షాస్మృతి ఐపీసీలో సెక్షన్ 500, ఇప్పుడు దాని బదులొచ్చిన బీఎన్ఎస్‌లో 356. దానికి ఆయన అసలు ఒప్పుకోలేదు. ఆ పేపర్ కుర్రాణ్ని జైల్లో పెట్టి నేనేం చేసుకుంటానమ్మా అన్నాడు.

తమ్ముడు: నేను భయపడేది అదే అక్కా. వంద కోట్లని ఒకసారి పడిందనుకో, ఆ అంకె వాడుకునేది పెదనాన్న లాంటివాళ్లు కాదు. డబ్బున్నవాళ్లు. నిజం రాసినా వంద కోట్లకి లీగల్ నోటీసు వస్తుంది. ఇసుక మీద రాసినప్పుడు నాకొచ్చింది ఒకటి, నీకు తెలుసు. నెల జీతం లేదు నాకు, లైన్‌కి ఇంత అని ఇచ్చేవారు. ఆ నోటీసు చూసి అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. నేను రాసింది నిజం. అయినా ఆ తర్వాత ఇసుక వార్త రాయలేదు.

అక్క: అది తెలుసు. అప్పుడు నీకు జవాబు రాసిచ్చింది నేనే కదా.

తమ్ముడు: మరి పెద్ద అంకెలు ఎలా సమర్థిస్తావు?

అక్క: సమర్థించట్లేదు. ఒకటి చూడు. 2011లో సావంత్ గారి కేసు సుప్రీంకోర్టు దాకా వచ్చింది నవంబర్‌లో. దానికి నెల ముందు, అక్టోబర్‌లో, అదే సుప్రీంకోర్టు ఉపహార్ తీర్పిచ్చింది. ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 1997 జూన్ 13న మంటలు, 59 మంది ఊపిరాడక చనిపోయారు. హైకోర్టు పోయినవాళ్లలో 20 ఏళ్లు దాటినవాళ్లకి ఒక్కొక్కరికి 18 లక్షలు, అంతకన్నా చిన్నవాళ్లకి 15 లక్షలు లెక్కన ఇంటివాళ్లకి ఇమ్మంది. సుప్రీంకోర్టు వాటిని 10 లక్షలకి, ఏడున్నర లక్షలకి తగ్గించింది. యజమానులకి శిక్షగా వేసిన రెండున్నర కోట్లని 25 లక్షలు చేసింది.

తమ్ముడు: పిల్లలకి ఏడున్నర లక్షలా?

అక్క: ఏడున్నర. ఒక పక్క అది, ఒక పక్క వంద కోట్లు. వంద కోట్లు ఎక్కువని నువ్వు కోప్పడు, నేను కాదనను. కానీ ఉపహార్ అంకె చూసి కూడా అంతే కోప్పడాలి. ఇది మరీ తక్కువని టీవీలో ఎన్ని రాత్రులు వాదించారు? మనం అతి అని అరిచేది పెద్ద అంకె కనిపించినప్పుడే. చిన్న అంకె కూడా అతే.

తమ్ముడు: ఊఁ.

అక్క: ఏంటి, డల్ అయిపోయావు?

తమ్ముడు: ఇందాకటి నుంచీ ఒకటి చెప్దామా వద్దా అని. గ్రూప్ ఫొటో సంగతి. ఎడమ నుంచి మూడో మనిషి అని చెప్తాం అన్నాను కదా. పెదనాన్నది నేను పంపింది కాదు. వేరే పేపర్, నీకు తెలుసు. కానీ అలాంటిది నేనూ ఒకటి పంపాను. ఆముదాలవలస దగ్గర ఒక చిట్టీల కేసు. పారిపోయినాయన ఫొటో కావాలన్నారు. ఆ వీధిలో కుర్రాడు ఫోన్లో చూపించాడు, ఇతనే అన్నాడు. నేను ఇంకొకర్ని అడగలేదు. పంపేశాను. అది ఆయన తమ్ముడి ఫొటో.

అక్క: ఇది నాకెప్పుడూ చెప్పలేదే.

తమ్ముడు: పెదనాన్న ఉన్న ఇంట్లో ఎలా చెప్పను? సవరణ పడింది, రెండు లైన్లు. నాకు మనసు ఒప్పలేదు, వారం తర్వాత ఆయన ఇంటికి వెళ్లాను. కిరాణా కొట్టు ఆయనది. బల్ల వేసి కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. తప్పు నాదేనండి అని చెప్పాను. ఆయన కోప్పడలేదు. బాబూ, తప్పు ఊరందరికీ చెప్పావు, క్షమాపణ నా ఒక్కడికే చెప్తున్నావు అన్నాడు.

అక్క: ...

తమ్ముడు: ఆ టీ తాగలేకపోయాను. అప్పట్నుంచి రెండో మనిషిని అడగకుండా ఒక్క ఫొటో పంపలేదు. ఏడాదిలో ఆ పని కూడా మానేశాను. మానేసింది డబ్బుల కోసమని ఇంట్లో అందరికీ చెప్పాను.

అక్క: ఆయన ఇప్పుడు ఎక్కడున్నారు?

తమ్ముడు: కొట్టు అక్కడే ఉంది. మొన్న ట్రైన్ దిగి ఆ దారిలోనే వచ్చాను. షట్టర్ సగం దించి ఉంది. ఆగలేదు.

అక్క: ఆగాల్సింది.

తమ్ముడు: ఏమని ఆగను? అక్కా, ఇది ఉంచమంటావా, కట్ చెయ్యమంటావా?

అక్క: ఉంచు. ఊరి పేరు కూడా ఉంచు. ఆయన పేరు మాత్రం వెళ్లి ఆయన్నే అడుగు, చెప్పమంటారా అని. చెప్పమంటే వచ్చే వారం మొదట్లోనే చెప్దాం, నమస్కారం కన్నా ముందు.

తమ్ముడు: వద్దంటే?

అక్క: వద్దంటే వద్దు. ఎల్లుండి నాకు మధ్యాహ్నం దాకా ఒకటే వాయిదా ఉంది. నేనూ వస్తాను.

తమ్ముడు: కరెంటు పోయినట్టుంది, ఇన్వర్టర్ కూత పెడుతోంది. ల్యాప్‌టాప్ నాలుగు శాతం చూపిస్తోంది.

అక్క: పెదనాన్న కింద ఒక్కడే ఉన్నాడు, ఆ టార్చి ఇలా ఇవ్వు. మెట్ల దగ్గర చీకటి...