జీరంగి రెక్కకు రంగు పోదు

శ్రోతలకు నమస్కారం.

వానలు మొదలయ్యాక తుమ్మచెట్ల మీద తళతళా మెరిసే పచ్చటి పురుగు, జీరంగి. బంగారు పురుగు అని కూడా అంటాం. శాస్త్రజ్ఞులు ఈ ప్రజాతిని స్టెర్నోసెరా అంటారు. ఆఫ్రికా నుంచి మన దేశం మీదుగా థాయిలాండ్ దాకా ఈ ప్రజాతి పురుగులున్నాయి. పిల్లపురుగు మట్టిలో వేళ్లు తింటూ పెరుగుతుంది. పెద్దదై పైకొచ్చాక బతికేది కొన్ని వారాలే.

ఈ పూట చెప్పేది దాని పైరెక్క గురించి. నిజానికి అది ఎగిరే రెక్క కాదు, లోపలి పలచటి రెక్కకు మూత. ఒక్కో పురుగుకు రెండే ఉంటాయి. ఆ పచ్చదనం అద్దిన రంగులాంటిది కాదు. రెక్క పైపొరలో అతి సన్నని పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కో పొర నుంచి వెనక్కి వచ్చే కాంతి కలిసి పచ్చరంగును పెంచుతుంది. సబ్బు బుడగలో రంగులు పుట్టేదీ ఇలాగే. రెక్కను కాస్త వంచి చూడండి, పచ్చ నీలంలోకి తిరుగుతుంది. పొరలు చెడనంత కాలం రంగు పోదు.

అందుకే ఈ రెక్కలు బట్టల మీదికెక్కాయి. పందొమ్మిదో శతాబ్దంలో హైదరాబాదులో, మద్రాసులో మస్లిన్ మీద జరీతో కలిపి కుట్టి విదేశాలకు పంపేవారు. ఎండిన రెక్కకు ఆవిరి పట్టి మెత్తబరచాలి. అంచులు కత్తిరించి, సూదితో రంధ్రాలు చేసి కుట్టాలి. ఆవిరి పట్టకుండా పొడిస్తే రెక్క నిలువునా చీలుతుంది.

ఇలా రెక్కలు కుట్టిన బట్టల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది లండన్‌లో కుట్టిన ఒక గౌను. 1888లో లైసియం థియేటర్‌లో, షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్‌లో, ఇంగ్లీషు నటి ఎలెన్ టెర్రీ లేడీ మాక్‌బెత్‌గా వేసుకున్నది. పచ్చ దారంతో అల్లిన ఆ గౌను మీద దాదాపు వెయ్యి రెక్కలు. పురుగుకు రెండు చొప్పున అయిదు వందల పురుగులన్నమాట! ఏళ్ల తరబడి వాడాక గౌను దెబ్బతింది. 2011లో పూర్తయిన మరమ్మతుకు పట్టిన సమయం సుమారు 1,300 గంటలు. ఊడిన రెక్కలను దాచి ఉంచారు కనుక తిరిగి కుట్టగలిగారు. విరిగిన రెక్కలు సుమారు వంద. వాటికి వెనకవైపు పలచటి జపాన్ కాగితాన్ని గంజితో అతికించారు. గౌను ఇప్పుడు ఇంగ్లండ్‌లోని కెంట్‌లో, టెర్రీ నివసించిన స్మాల్‌హైత్ ప్లేస్ అనే ఇంట్లో ఉంది. రెక్కలు ఈనాటికీ పచ్చగానే ఉన్నాయి.

రంగు పోదు. పోయేది దారం, బట్ట. రెక్క అంచు పదునుగా ఉంటుంది, బట్ట కదిలినప్పుడల్లా దారాన్ని కోస్తుంది. రెక్క డొప్పలా వంగి ఉంటుంది, పైన బరువు పడితే పగులుతుంది.

కనుక ఇంట్లో పాతకాలపు రెక్కల పని బట్ట ఉంటే మడత పెట్టకండి, హ్యాంగర్‌కు వేలాడదీయకండి. ఉతకడం, ఇస్త్రీ వద్దు. రెక్కలు పైకి ఉండేలా వెడల్పాటి పెట్టెలో పరచి, గంజి లేని తెల్లటి నూలుబట్ట కప్పండి. దాని మీద మరేదీ పెట్టకండి. దుమ్ముంటే మెత్తటి బ్రష్‌తో, రెక్క మొన వైపుకే తుడవండి. ఊడిన రెక్కను పారేయకుండా చిన్న డబ్బాలో దాచండి. తిరిగి కుట్టేటప్పుడు పాత రంధ్రంలోంచే సూది పోనివ్వండి, దారం బిగించి లాగకండి.

ఇంకొక్క మాట. జీరంగి తన పైరెక్కలను రాల్చుతుందని కొందరు చెబుతారు. అది సరికాదు. బతికున్న పురుగు పైరెక్కలు ఊడవు. రెక్కలు కొనేవాళ్లు, చచ్చి రాలిన పురుగుల నుంచి ఏరినవేనా అని తప్పకుండా అడగండి. గుడ్లు పెట్టకముందే పట్టి చంపితే ఆ చెట్టు కింద మట్టిలో తరువాతి తరం ఉండదు.

నమస్కారం.