జముకు పలికాకే కంప్యూటర్

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు, నేను మళ్లీ చదవను.

విజయనగరంలో ఎలక్ట్రానిక్ సంగీతం గురించి మాట్లాడితే పెద్దలు నొచ్చుకుంటారేమోనని ఒకరన్నారు. ఎందుకు నొచ్చుకుంటారండీ? 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా ఇక్కడ సంగీత కళాశాల మొదలైంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడే ఫిడేలు నేర్పారు. ఆ ఫిడేలు ఐరోపాది! వాయించే చెయ్యి మనదైతే వాద్యం మనదైపోతుంది.

ఎలక్ట్రానిక్స్ కూడా మనకి నిన్నటివి కావు. 1969లోనే అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్ఐడీలో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్, విద్యుత్తుతో నాదం పుట్టించే మూగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేశాడు. ఆ రోజుల్లో వాద్యానికి తోడు ముందే రికార్డు చేసిన టేపు ఉండేది. టేపు ఎవరి కోసమూ ఆగదు. రాగం విస్తరించాలనిపించినా, తాళం నిదానించాలనిపించినా వాద్యకారుడే దాని వెంట పరుగెత్తాలి. ఇప్పుడు కంప్యూటర్ వాద్యాన్ని అప్పటికప్పుడు వినగలదు. కాబట్టి అదే ఆయన వెంట నడవాలి. నా కూర్పు పద్ధతంతా ఇదే.

మన జముకుల కథలో వాయించే జముకునే తీసుకోండి. చంకలో ఇరికించి, తోలు నడుమ నుంచి వచ్చే తీగను బిగిస్తూ వదులుతూ మీటుతారు. బిగువు మారితే శ్రుతి జారుతుంది. ఆ జారుడులోనే కథంతా ఉంది, ఏడుపూ ఎకసెక్కెమూ రెండూ. కీబోర్డు మెట్ల మీద అది దొరకదు. అందుకని నేను జముకు ఒంటికి, దాని అదురును విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పీజో బిళ్ల అంటిస్తాను. శ్రుతి ఎటు జారుతోందో ప్యూర్ డేటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. ఆ జారుడును బట్టి కింది స్థాయిలో ఒక నాదం కదులుతుంది. జముకు వాయించే ఆయన ఆగితే అదీ ఆగుతుంది.

ఇంకా చెప్పాల్సిన సాంకేతికం ఉంది. కానీ ఒక మాట గొంతులో అడ్డుపడుతోంది, అది చెప్పేస్తాను. మావైపు తప్పెటగుళ్ల గురువొకాయన ఉన్నారు. రొమ్ముకి గుళ్లు కట్టి ఎగిరితే ఊరు ఊరంతా లేచి నిలబడేది. ఒక స్టూడియోవాళ్లు ఆయన్ని పిలిచి దెబ్బ దెబ్బా విడివిడిగా కొట్టించుకుని, బస్సు ఛార్జీ ఇచ్చి పంపేశారు. తర్వాత జాతరలో, రికార్డు చేసిన దెబ్బల్ని మోగించే రిథమ్ ప్యాడ్ మీద ఎవరో కుర్రాడు వేలు నొక్కుతున్నాడు, మోగుతున్నది ఆయన దెబ్బే. ఆయన జనంలో నిలబడి విన్నారు. ఆ ఏడు ఆయన బృందాన్ని జాతరకి పిలవలేదు.

చెప్పండి, దీన్ని పాత వాద్యం, కొత్త యంత్రం కలిసిన సమ్మేళనం అంటామా? దెబ్బ కావాలి, కొట్టిన మనిషి అక్కర్లేదా?

జాతర కమిటీలవాళ్లు ఇక్కడ ఉన్నారు, మిమ్మల్నే అడుగుతున్నాను. ప్యాడ్ పెట్టుకోండి, స్పీకర్లు పెట్టుకోండి. పక్కన ఆ బృందాన్నీ నిలబెట్టండి. విద్యార్థులారా, మీరు ఎవరి శబ్దం రికార్డు చేసినా ముందు కాగితం రాసుకోండి: ఆయన పేరు, ఎన్ని పాటలకు వాడతారు, పాటకి ఎంత ఇస్తారు. ఆయనకి చదివి వినిపించి సంతకం చేయించండి. మైకు ఆ తర్వాతే పెట్టండి.